పసుపు బియ్యం పట్టని చెయ్యి

ఒక్క ఓటు. సత్తమ్మకు నాలుగొందల పన్నెండు, నాకు నాలుగొందల పదకొండు. మల్ల లెక్కవెడుతుండ్రు లోపల. బడి తలుపులు దగ్గరికేసిండ్రు, కిటికీ కాడ పోలీసాయన అడ్డం నిలవడ్డడు, నేను గీ జీపుల ముందటి సీట్ల కూసోని ఉడికిపోతున్న. పోటీల నిలవడ్డది నేను, గోడల మీద పేరు నాది, సర్పంచుకు నామినేషనేసింది నేను, కానీ లోపలికి పోయిందెవ్వలు? సిద్దిరాములు. మా పటేలుకు కుడిచెయ్యి, నాకు ఏజెంటట. ఆడమనిషివి గా గుంపుల ఏం జేస్తవే, జీపుల కూసో, గెలిచినంక పిలుస్తం అన్నడు మా పటేలు, నా కొడుకు మహేషు వాళ్ల నాయిన. సత్తమ్మ ఆడమనిషి కాదా మరి? ఆమె రెండు గంటలకెల్లి లోపల్నే ఉన్నది, బల్ల పక్కపొంటి నిలవడి తన ఓట్లు తానే సూసుకుంటాంది. నాకేమో సీటు మీద తువ్వాల పరిచిండ్రు. మల్ల లెక్కవెట్టుండ్రి అని దరఖాస్తు రాసి గిదే జీపు బానెట్టు మీద నాతోని సంతకం పెట్టించిండ్రు. శ్రావణం సొచ్చినా సినుకు లేదు, పట్టుచీర ఈపుకు అంటుకపోయింది. ఊరేగింపుంటది అత్తమ్మా, పొద్దుగాల్నే కట్టుకో అన్నది కోడలు. కట్టుకున్న. ఓటేసినప్పుడు గూడ గిదే చీర. గా ఒక్క ఓటు ఏడికి పోయింది, ఏ ఇంటోడు మోసం జేసిండు అని మా పటేలు గంటసేపటికెల్లి మీసం కొరుక్కుంట తిరుగుతుండు. నాకు ఎర్కే. ఈ ఊర్ల నాకొక్కదానికే ఎర్క. ఆ ఓటు నాదే. సత్తమ్మకు ఏసిన, నా చేతులతోని నేనే ఏసిన.

ఎడమచేతి ఏలు సూసుకుంటున్న. గోరు మీదికెల్లి తోలు మీదికి దిగింది సిరా గీత, పొద్దుగాలకెల్లి కొంగుకు రాస్తనే ఉన్న, పోతదా, ఏడ పోతది. ఎందుకేసినవే జయమ్మా అని నన్ను నేనే అడుగుతున్న. పగవట్టి ఏసిన్నా అంటే కాదు. ముందుగాల్నే అనుకోని ఏసిన్నా అంటే, నా మనుమరాలి తోడు, అది గూడ కాదు. ఎనిమిది గంటలకు పోయిన. లైన్ల నిలవడుతనంటే నిలవడనియ్యలే, పటేలమ్మా ముందటికి రాండ్రి అని అందరు పక్కకు జరిగిండ్రు. లోపల సారు నా పేరు సదివిండు, ఇంకొకామె ఏలికి సిరా రాసింది, ఓ గులాబి కాయితం, ఓ తెల్ల కాయితం చేతుల పెట్టిండ్రు. గులాబిది సర్పంచుకట, తెల్లది వార్డు మెంబరుకట. అటు పోయి గుద్దుండ్రమ్మా అన్నడు సారు. అటంటే ఏముంది, బల్ల మీద అట్టడబ్బ కోసి నిలవెట్టిండ్రు, మూడు దిక్కుల అట్ట, దాని ఎన్క నేనొక్కదాన్నే. నాకు యాభైనాలుగేండ్లు. పద్నాలుగేండ్లకు కౌకూరుకెల్లి ఈ ఇంటికి కోడలుగ వచ్చిన. ఈ నలభై ఏండ్లల్ల నేనొక్కదాన్నే ఉన్న జాగ ఏదన్న ఉన్నదా అని గా అట్ట ఎన్క నిలవడి సోంచాయించిన. వంటింట్ల కోడలు, బాయికాడ కూలోళ్లు, పెండ్లిళ్లకు పోతే యారాండ్లు, పండుకుంటే ఆయన గురక. గా అట్ట ఎన్కనే ఎవ్వలు లేరు. కాయితం మీద రెండు బొమ్మలు. పైన ఉంగరం, అది నాది. కింద కత్తెర, అది సత్తమ్మది. నూటయాభై మెజారిటీ అమ్మా, రాసిపెట్టుకో అన్నడు మహేషు. ఒక్కటి తక్కువైతే కొంపలేం మునుగుతయి అనుకున్న. గది అప్పుడే అనుకున్ననో, ఇప్పుడు గీ జీపుల కూసోని అనుకుంటున్ననో, అది గూడ సక్కగ యాదికి లేదు. ముద్ర ఎత్తిన, చెయ్యి కిందికి పోయింది, కత్తెర మీద టప్పుమని పడ్డది. ఇంటికొచ్చిన చుట్టానికి ఆకువక్క ఇచ్చినట్టు ఇచ్చిన, అంతే. ఆమె గెలుస్తదని ఎవ్వలనుకున్నరు? ఆమె గూడ అనుకోలే.

జీపు ముందటి టైరు కాడ బాలమల్లు గొంతుక్కూసున్నడు. నేను జెర ముందుకు వంగితే వాని నెత్తి కనవడుతది, ఎంటికలు నెరిసినయి, నేను గుర్తువట్టనే లేదు ఎప్పుడు నెరిసినయో. ముప్పై ఏండ్లకెల్లి మా ఇంట్ల జీతం ఉంటుండు. సెరువు ఎండిన ఏడు, శాపల్లేవు పటేలమ్మా ఏదన్న పనియ్యుండ్రి అని వచ్చిండు, అప్పటికి మూతి మీద మీసం గూడ సక్కగ రాలే. మా మహేషును భుజం మీద కూసోవెట్టుకోని గిదే బడికి మోసుకొచ్చేటోడు. మహేషు వాన్ని మల్లన్నా మల్లన్నా అని పిలిచేటోడు, మల్లన్న లేకపోతే ముద్ద మింగకపోయేది. గిసొంటోని మీద ఇప్పుడు అందరి కండ్లు పడ్డయి. ఎందుకంటే బాలమల్లు సత్తమ్మకు తోడవుట్టిన తమ్ముడు. ఇగ వాడు గాక ఇంకెవ్వడు ఏస్తడు అంటుండ్రు. ఎవ్వలు ఒక్క మాట గట్టిగ అనలే ఇంకా, కానీ ఛాయ్ పంచుకుంట వచ్చినోళ్లు వానికి మాత్రం ఇయ్యకుంట పోయిండ్రు. నేను సూసిన. వాడు గూడ సూసిండు. సూసి గీ టైరు కాడ కూసున్నడు. ఎండ పడుతాంది రా, ఇటు నీడకు జరుగు అంటే, మంచిగనే ఉన్న పటేలమ్మా అంటడు.

పసుపు బియ్యం సంగతి జెప్పాలె. ఓట్లకు మూడు దినాల ముందుగాల మా వాకిట్ల పెద్ద తాంబాళం నిండ బియ్యం పోసి, పసుపేసి, జెరంత నూనె సుక్కతోని నేనే కలిపిన. కలిపినకాడికి చేతులు పచ్చగయినయి, దినమంత పోలే. మా దిక్కు ఎలక్షన్లంటే గిదే రివాజు. ఒక్కొక్కరు వచ్చి దోసిలి పట్టాలె, దోసిట్ల గింజలు పొయ్యాలె, పోచమ్మ సాచ్చి, ఉంగరానికే గుద్దుత అని వాళ్లనాలె. మొగోళ్లు తువ్వాల కొసకు, ఆడోళ్లు కొంగుకు ముడేసుకోని పోవాలె. ఓట్లు లెక్కవెట్టుడు అయినంక సెరువు కట్ట మీది పోచమ్మ కాడికి పోయి ఆ బియ్యం తల్లి ముందల పొయ్యాలె, అప్పుడే మాట తీరినట్టు. గెలిచినా ఓడినా పొయ్యాలె. మాట తప్పినోడు మాత్రం పొయ్యొద్దు, పోస్తే ఇంట్ల మంచిగుండదని అందరికి భయం. సిద్దిరాములు పక్కన కుర్సీ ఏసుకోని దోసిలి పట్టినోళ్ల పేరల్ల ఓ నోటుబుక్కుల రాసుకుంట కూసున్నడు. మా ఇంటోళ్లను గూడ ఇడిసిపెట్టలే. మహేషు పట్టిండు, కోడలు పట్టింది, మా యారాలు ఇందిరమ్మ మోకాళ్ల నొప్పులతోని మూలుగుకుంట వచ్చి పట్టింది. నాకెవ్వలు పట్టియ్యలే. నాకెందుకు పట్టిస్తరు, తాంబాళం పట్టుకున్నదే నేను గదా. ఎవ్వలన్న తన ఓటు తనకు ఏసుకోకుంట ఉంటరా అని, అడగకుంటనే నా పేరు గూడ రాసేసిండు సిద్దిరాములు. నాతోని కలిపి నాలుగొందల పన్నెండు. ఆ బుక్కే ఇప్పుడు మా పటేలు చేతుల ఉన్నది. నాలుగొందల పన్నెండు మంది పట్టిండ్రు, నాలుగొందల పదకొండు పడ్డయి, ఒక్కడు తప్పిండు. ఆయన లెక్క తప్పు కాదు, సక్కగనే ఉన్నది. ఆ బుక్కుల పేరుండి బియ్యం పట్టనిది నేనొక్కదాన్నే, ఆ ఒక్కదాన్నే తప్పిన.

బాలమల్లు ఆఖరుకు వచ్చిండు ఆ దినం. సాటుసాటుకు తిరిగిండు పొద్దంత, గొడ్ల కొట్టంల, గడ్డివాము కాడ, పిలుస్తే వస్తున్న వస్తున్న అనుకుంట. వాని చేతుల నువ్వే పొయ్యి, నీ మాట తీసెయ్యడు అన్నడు మా పటేలు. వాడు వచ్చి నా ముందల నిలవడి దోసిలి పట్టకుంట నేల సూసుకుంట నిలవడ్డడు. పటేలమ్మా, అక్క గదా, నాకు తోడవుట్టింది అన్నడు, నాకొక్కదానికే ఇనవడేటట్టు. అప్పుడన్న నేను ఊకుండాలె గదా. ఏదో ఒకటి జెప్పి, వానికద్దులే పొండ్రి అనాలె గదా. అనలే. ఎన్క ఆయన దగ్గుతుండు, సిద్దిరాములు కలం పట్టుకోని సూస్తుండు, నాకేం రోగం పుట్టిందో, గిది అందరికి ఉన్నదే బాలమల్లూ, పట్టు అన్న. పట్టిండు. గింజలు రాలి నా కాళ్ల మీద పడ్డయి, ఒక్కొక్క గింజ ఏరుకోని మల్ల దోసిట్ల ఏసుకున్నడు. పోచమ్మ సాచ్చి, ఉంగరానికే గుద్దుత. గా దినంకెల్లి వాని అక్క వాన్ని వాకిలి తొక్కనియ్యలే. లత, సత్తమ్మ బిడ్డ, మామా అని పిలుసుడు బంద్ జేసింది. శాపలోళ్ల గల్లీల దూపయితె మంచినీళ్లు గూడ పొయ్యలేదట వానికి, నాకు ఇందిరమ్మ జెప్పింది. గింత అయినంక వాడు మాట తప్పుతడా? తప్పేటోడైతే గా గింజలు ఏరుకుంటడా?

మల్ల ఇంకోటి యాదికొస్తాంది, మిరుగం నాటి శాప. మా దిక్కు మిరుగం కార్తె సొచ్చిన దినం శాప తినాలె, ఎంత లేనోళ్లయినా తింటరు. నేను కాపురానికొచ్చిన ఏటికెల్లి సత్తమ్మనే తెస్తది, కొర్రమట్ట, గంజు గిన్నెల నీళ్లు పోసి పానంతోని తెస్తది. మీద గుడ్డ కప్పితే గుడ్డ ఎగురుతాంటది. ఓసారి మా మనుమరాలు అశ్రిత గుడ్డ లేపి సూసి కెవ్వున మొత్తుకుంటె సత్తమ్మ నవ్వి నవ్వి గడప మీద కూలవడ్డది. ఈ ఏడు మిరుగంకు పొద్దెక్కినంక వచ్చింది. గంజుల నీళ్లు కదులుతలేవు. గుడ్డ తీసింది, రెండు కొర్రమట్టలు, పొట్టలు పైకి. సచ్చిపోయినయి పటేలమ్మా, తొవ్వ మూసిండ్రు గదా, సుట్టు తిరిగి వచ్చేసరికి సచ్చిపోయినయి అన్నది. పైసలిస్తె తీసుకోలే. మిరుగం నాడు సచ్చిన శాప ఇచ్చినా మీకు అని ఏడ్సినంత పని జేసింది. ఆమె ఎందుకు ఏడ్వాలె? తొవ్వ మూసింది మేం గదా. సెరువు కట్టకు, ఊరికి నడుమ మాయి పదకొండెకరాలు. దాన్ల పొంటి తొవ్వ ఉండె. ఏ కాయితంల లేదు, కాళ్లు పడి పడి అయిన తొవ్వ, మా మామ కాలం కంటె ముందటిది. ఆ తొవ్వల బీడి కాలేటంతల సడక్ మీద ఉండేటోళ్లు శాపలోళ్లు. పానం ఉన్న శాపకే గిరాకి, సచ్చినంక ఎవ్వలు కొంటరు. మొన్న ఎండకాలంల పదకొండెకరాలు ప్లాట్లు జేసిండ్రు, సుట్టు సిమెంటు పలకల గోడ లేపిండ్రు, ముందట బోర్డు పెట్టిండ్రు, బోర్డు మీద సెరువు బొమ్మ, సెరువుల బాతులు గూడ. ఇగ సెరువోళ్లు మాత్రం గోడ సుట్టు తిరిగి రెండు మైళ్లు నడువాలె. సత్తమ్మ ఎలక్షన్లకు నిలవడ్డది గా తొవ్వ కోసమే, ఇంకేం అడుగుతలేదు ఆమె. గోడల ఓ దర్వాజ, గంజు పట్టేటంత.

ఆయనకు జెప్పిన నేను. జెప్పలేదా? అదే దినం మాపటికి, అన్నం పెట్టుకుంట జెప్పిన. గోడల ఓ చిన్న దర్వాజ పెట్టియ్యరాదుండ్రి అన్న. ప్లాట్లు కొన్నోళ్లు ఊకుంటరానే, నీసు వాసనకు పారిపోతరు, ఎలక్షన్లు అయినంక సూద్దాం అన్నడు. మా ఆయన చెడ్డోడు కాదు. గది గూడ జెప్పాలె, లేకపోతే నా నోరు కాలుతది. బోరు ఏడొందల ఫీట్లు ఏసినా సుక్క రాకపోతే బాయికాడ ఒక్కడే పొద్దుమూకేదాక కూసున్నడు. లాల్‌గడి మలక్‌పేట దాక ప్లాట్ల రాళ్లు పాతుకుంట వచ్చిండ్రు, పక్కోడు అమ్మిండు, వాని పక్కోడు అమ్మిండు, నడుమ మనమొక్కలం వరి ఏస్తే నీళ్లు యాడికెల్లి వస్తయే అని నన్నే అడిగిండు. మోటరు ఇప్పి ట్రాక్టర్ల ఏసిన దినం అన్నం తినలే. ఇప్పుడు ఆయన భయమంత గా ప్లాట్లే. సర్పంచు మన ఇంట్ల లేకపోతే రేపు ఎవ్వడో ఒకడు గోడ కూలగొట్టుమంటడు, కొన్నోళ్లు మీదికొస్తరు, మహేషు ఆగమైతడు అని. ఆయన బాధ ఆయనకున్నది. అందరికి అందరి బాధలున్నయి, అయినా శాపలు సచ్చిపోతున్నయి గదా.

నాకు లేదా మరి ఆశ? నిజం జెప్తున్న, ఉన్నది. మేడ్చల్‌ల ఫోటో స్టూడియోకు తీస్కపోయిండ్రు, దండం పెట్టినట్టు నిలవడు, నవ్వకు అన్నడు ఫోటో పిల్లగాడు. పోస్టర్ల ఆయన మొఖం తలుపంత, నాది బొట్టుబిళ్లంత, కానీ కింద నా పేరుండె. జయమ్మ. గోడ మీద నా పేరు సూసుకోని, ఎవ్వలు లేనప్పుడు చేతితోని తడిమిన. గల్లీ గల్లీ తిరిగిన, నలభై ఏండ్లల్ల నేను సూడని గల్లీలు. ఒకామె జెప్పింది, గీ బడిల ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు పటేలమ్మా, పెద్దమనిషయితె సదువు మానేస్తుండ్రు అని. గదిగో ఎదురుంగనే ఉన్నది బడి, ఎన్క దిక్కు పలుగురాళ్లు, తుమ్మచెట్లు. అట్లనే అని మాటిచ్చిన. ఇచ్చినప్పుడు నిజంగ చేస్తననే అనుకున్న. మల్ల ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆయన సిద్దిరాములుతోని అంటుండు, కుర్సీ ఏడ ఏద్దాం, మన వరండలనే ఏద్దాం, జనం ఈడికే వస్తరు, ఆమె సంతకం పెడ్తది. ఆమె సంతకం పెడ్తది. ఆ మాట నీళ్ల చెంబు పట్టుకోని ఇన్న. గులాబి కాయితం ముందట చెయ్యి కిందికి పోయినప్పుడు గా మాట యాదికొచ్చిందా అంటే, వచ్చిందేమో. ఏమో. సచ్చిన శాప యాదికొచ్చిందా అంటే, అది మాత్రం వచ్చింది.

అగో, మహేషు వస్తుండు. సెల్లు చెవికి పెట్టుకోని వచ్చి, జేబుల ఏసుకోని, సక్కగ టైరు కాడికే వస్తుండు, ఎన్క వాళ్ల నాయిన.

"ఏరా బాలమల్లూ, లేయి. నిజం జెప్పు. కత్తెరకే గుద్దినవు గదా?"

ఏరా అన్నడు. మల్లన్న అని ముద్ద తిన్న నోరుతోని ఏరా అన్నడు. బాలమల్లు లేసి నిలవడ్డడు, నిలవడి చేతులు కట్టుకున్నడు.

"లేదు పటేలా. ఉంగరానికే గుద్దిన. పోచమ్మ తోడు."

"పోచమ్మను నడుమకు తేకు," అన్నడు మా ఆయన. గొంతు పెద్దగ గూడ జెయ్యలే, గదే నాకు భయమనిపించింది. "లెక్క సక్కగ ఉన్నది. ఒక్కడే తప్పిండు. అక్క మీద పానం గుంజింది, గుంజుతది, మనిషివి గదా. కానీ ఆ ముక్క ముందుగాల జెప్తే నేను బియ్యమే పట్టియ్యకపోదు. ముప్పై ఏండ్లు మా ఇంట్ల తిన్నవు గదరా."

"మీకే ఏసిన పటేలా. నా బిడ్డల తోడు, మీకే ఏసిన."

ఎండల ఇద్దరి నీడలు బాలమల్లు మీద పడ్డయి. అటు సడక్ మీద తుర్కపల్లికి పోయే కంపినీ కార్లు తెల్లగ ఒకదానెన్క ఒకటి పోతున్నయి, అద్దాలకెల్లి ఎవ్వలో పోరి గీ జనాన్ని సూసుకుంట పోయింది, ఆమెకేం ఎర్క గీడ ఏం నడుస్తాందో. జెప్పవే. నోరు తెరువవే జయమ్మా. ఇప్పుడు జెప్తే ఏమైతది? ఇంటికి పోయినంక ఏమైతది? నలభై ఏండ్లల్ల ఆయన నా మీద చెయ్యి లేపలే, ఇప్పుడు లేపుతడా? లేపడు. మాట్లాడడు. అగో గది ఇంకా పెద్దది, మాట్లాడకుంట నెలలు గడుపుతడు, ఆయన కథ నాకు తెల్వదా. మహేషు మొఖం సూడడు. కోడలు వంటింట్ల గిన్నెలు ఎత్తేసుకుంట మాట్లాడుతది. మల్ల ఇంకో దిక్కు మనసు చెప్తాంది, జెర ఆగు, లోపల మల్ల లెక్కవెడుతుండ్రు గదా, ఒకటో రెండో అటుఇటు అయితె నువ్వే గెలుస్తవు, అప్పుడు అందరు నవ్వుకుంట బాలమల్లును గూడ మర్సిపోతరు, నువ్వు నోరు తెరిసే పనే ఉండది. ఆగుదాం. జెర ఆగుదాం. తాంబాళం పట్టుకోని నిలవడ్డనాడు గూడ గిట్లనే ఆగిన గదా నేను.

"ఆ ముడి ఇటియ్యి," అన్నడు మహేషు. "గా బియ్యం పోచమ్మ ముందల పొయ్యనీకి నీకు మొఖం లేదు. ఇటియ్యి. రేపటికెల్లి మా వాకిట్ల కాలు పెట్టకు."

బాలమల్లు తువ్వాల కొస రెండు చేతులతోని పట్టుకున్నడు. పచ్చటి ముడి, మూడు దినాలకెల్లి మెడల ఉన్నది, చెమటకు పసుపు తువ్వాలంత పారింది.

"పని తీసేయుండ్రి పటేలా, పోత. గిది మాత్రం గుంజుకోకుండ్రి. గీ గింజల కోసం అక్కను పోగొట్టుకున్న."

మహేషు చెయ్యేసిండు. ఇగ నాకేమైందో తెల్వది. కాలు తిమ్మిరెక్కి ఉన్నది, జీపు మెట్టు దొరకలే, పట్టుచీర కుచ్చిళ్లు కాళ్లకు పడి కింద పడ్డంత పనయింది, డోరు పట్టుకోని నిలదొక్కుకున్న.

"మహేషూ, వాని ముడి ఇడువు. ఆ ఓటు నాది."

మహేషు ఇడిసిండు, సమజ్ గాక ఇడిసిండు. అయ్య కొడుకులు ఇద్దరు నన్ను సూస్తుండ్రు, ఈమె ఎప్పుడు దిగింది జీపులకెల్లి అన్నట్టు.

"నీదేంది?" అన్నడు మా ఆయన.

"కత్తెరకు గుద్దింది నేను. సత్తమ్మకు ఏసిన. బాలమల్లు మాట తప్పలే."

ఆయన నోటుబుక్కు తెరిసిండు. నిజంగనే తెరిసిండు, ఆ మనిషి. ఏలు పెట్టి సూసిండు. "నీ ఓటు గూడ మన లెక్కలనే ఉన్నది గదనే. గిదిగో, మొదటి పేరు నీదే."

"ఉన్నది. నన్ను అడిగి రాసిండ్రా?"

"నిన్ను అడుగుడేంది?"

కోపంతోని అనలే ఆ మాట. కోపమైతె నాకు మంచిగుండు. ఆయనకు నిజంగనే సమజ్ గాలే. బాయిల బకెటేస్తే నీళ్లు వస్తయని బాయిని అడుగుతరా ఎవ్వలన్న, గట్ల సూస్తుండు నా దిక్కు. ఈ మనిషి మీద పానం గూడ కొట్టుకుంటాంది, చెంప మీద ఒక్కటియ్యాలని గూడ అనిపిస్తాంది.

"అడుగకుంటనే రాసిండ్రు. నాకు బియ్యం ఎవ్వలు పట్టియ్యలే," అన్న. "తప్పయితె నాది. వాని జోలికి పోకుండ్రి. వాని చేతుల గింజలు పోసింది నేను, అద్దు పటేలమ్మా, అక్క గదా అంటున్నా ఇనకుంట పోసిన. ఇగ నాతోని గాదు."

గప్పుడే బడి తలుపు తెరుసుకున్నది. సిద్దిరాములు ముందుగాల బయటికి వచ్చిండు, వాని మొఖం సూస్తే అడిగే పని లేకుండె. గంతే. పన్నెండు, పదకొండు. శాపలోళ్ల దిక్కు డప్పు మొదలైంది, పిల్లలు ఎగురుతుండ్రు, సత్తమ్మ బయటికొచ్చింది, కొంగు సక్కగ గూడ లేదు, నవ్వుతాందో ఏడుస్తాందో తెలుస్తలేదు. నన్ను సూసి అంత దూరంకెల్లి రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను గూడ పెట్టిన. ఫోటోల పెట్టినట్టు కాదు, నవ్వుకుంట పెట్టిన. తమ్ముని దిక్కు మాత్రం ఆమె సూడలే, డప్పు ఎంట పోయింది. వాడు అక్క పోయేదాక అట్లనే సూసిండు.

మా ఆయన జీపెక్కిండు. నేను కూసున్న సీట్లనే, నాకు పరిచిన తువ్వాల మీద కూసున్నడు. మహేషు బండి స్టార్ట్ జేసిండు. "ఎక్కు," అన్నడు ఆయన, నా దిక్కు సూడకుంట.

"మీరు పోండ్రి. నేను జెరసేపటికి వస్త," అన్న. ఆయన ఏమనలే. మా ఆయన ఏమనకపోవుడు ఇయ్యాల మొదలైంది, ఎన్ని నెలలు నడుస్తదో సూడాలె. దుమ్ము లేపుకుంట పోయింది జీపు.

బాలమల్లు తువ్వాల కొస పట్టుకోని అట్లనే నిలవడ్డడు. పోచమ్మ కాడికి పోయొస్త పటేలమ్మా, పోసొస్త అన్నడు. నేనొస్త పా అన్న. మీరా, అద్దద్దు, మస్తు దూరమైతది, గోడ సుట్టు తిరుగాలె అన్నడు. తిరుగుదాం అన్న. నా కొంగుకు ముడి లేదు, పొయ్యనీకి నా చేతుల గింజ లేదు, ఉత్త చేతులతోని వాని ఎన్క నడుస్తున్న. సిమెంటు పలకల పొంటి ముండ్లు, రాళ్లు, ఓ పక్క మోరి నీళ్లు, ఎండకు కాలిన పలకలు సెగ కొడుతున్నయి, గీడికెల్లి గంజు నెత్తిన పెట్టుకోని ఎట్ల నడుస్తుండ్రో వీళ్లు. నాలుగడుగులేసి బాలమల్లు ఆగిండు, పక్కకు జరిగి తువ్వాల సర్దుకోని, మీరు ముందట నడువుండ్రి పటేలమ్మా అన్నడు, ఎప్పటి అలవాటు.

"నువ్వే నడువు బాలమల్లూ," అన్న. "నాకు తొవ్వ తెల్వదు."